బావి పిన్ని కొలువు

బావి పిన్ని దెయ్యం ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోలేదు. ఈ సంగతి ఆమె అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ, ముఖ్యంగా అత్తగారికి, జీవితమంతా చెబుతూనే వచ్చింది. ఆమె వెళ్ళింది వినోదాల పార్కులో టికెట్ల కిటికీ వెనక కూర్చునే ఉద్యోగానికి. కుర్చీ ఉంటుంది, ఫ్యాను ఉంటుంది, తలుపుకి లోపలి వైపు గొళ్ళెం ఉంటుంది. మనిషన్నవాడికి ఇంతకంటే ఏం కావాలి?

పొద్దున్నే రమ్మంటే వెళ్ళింది. కూర్చోమన్నారు గానీ కుర్చీ చూపించలేదు. రంగులరాట్నం పక్కన ఎండలో నిలబడి నిలబడి మధ్యాహ్నానికి జడ వదులైంది, సాయంత్రానికి పూర్తిగా ఊడింది. పెదాలు ఎండిపోయాయి, కళ్ళు చింతనిప్పులయ్యాయి. ఇక ఆగలేక మేనేజరు గది తలుపు తోసుకుని వెళ్ళి, గుమ్మంలో నిలబడి, గొంతు పెగలక మెల్లిగా, "పిలుస్తారా... పిలవరా?" అంది.

మేనేజరు చేతిలో టీ కప్పు కిందపడి ముక్కలైంది. ఆయన గుండెమీద చెయ్యేసుకుని, కాసేపు ఊపిరి కూడగట్టుకుని, "టికెట్ల కిటికీకి మనిషి దొరికాడమ్మా. కానీ అచ్చంగా మీకోసమే పుట్టిన ఉద్యోగం ఒకటుంది" అన్నాడు.

అలా ఆమె దెయ్యాల బంగళాలో చేరింది. బంగళా అన్నది మర్యాదకి అనే మాట. ముందు గోడ ఒక్కటే ఇటుకలది. వెనకంతా ప్లైవుడ్డూ రేకులూ నల్లరంగూ. లోపల చీకట్లో చిన్న పట్టాల మీద ఇద్దరు పట్టే బండి వంకరటింకరగా తిరిగి బయటికొస్తుంది. దారిలో దవడ ఊడిన అస్థిపంజరం ఒకటి, సగం తెరుచుకుని మొరాయించే శవపేటిక ఒకటి, ఎప్పుడూ ఒకే చోట దగ్గే ఈదురుగాలి రికార్డు ఒకటి. ఆఖరి మలుపులో ప్లైవుడ్డు బావి. అందులోంచి తెల్లగౌను వేసుకుని, జుట్టు విరబోసుకున్న ఆడదెయ్యం లేవాలి. పార్కులో పనిచేసేవాళ్ళంతా ఆమెని బావి పిన్ని అనేవారు. సొంత పేరుతో ఆమెకి జీతం రోజున తప్ప పెద్దగా పని పడలేదు.

కోడలు దెయ్యంగా కుదిరిందని తెలిసినప్పుడు అత్తగారు ముక్కున వేలేసుకుంది.

"జీతమిచ్చి మరీ పెట్టుకున్నారా? ఇంట్లో మేం ఊరికే చూస్తున్నామే!"

"ఊరికే ఎందుకు అత్తయ్యా, రేపటినుంచి మీరూ టికెట్ కొనుక్కోండి" అంది పిన్ని. తాళంచెవులు చేసే కొట్టు నడుపుకునే మొగుడు మాత్రం ఏ పక్షమూ వహించకుండా కంచంలోకి చూస్తూ భోంచేశాడు. ఆయన సంసారం మొత్తం అలాగే నెట్టుకొచ్చాడు.

మొదట్లో పిన్ని కూడా అందరు దెయ్యాల్లాగే కెవ్వున అరిచేది. వారం తిరక్కుండా గొంతు పోయింది. గొంతు పోయిన మర్నాడే అసలు విద్య పట్టుబడింది. బండిలో ఇద్దరు దిట్టమైన మగవాళ్ళు, ఒకడు సిగరెట్ వెలిగించుకుని మరీ కూర్చున్నాడు. అరవడానికి ఓపిక లేక పిన్ని నెమ్మదిగా లేచి, ఆకుపచ్చ దీపం వెలుగులో అతని కళ్ళలోకే చూస్తూ, చాలా మామూలుగా, "వచ్చావా? ఇంతసేపూ ఎక్కడున్నావు?" అంది. సిగరెట్ అతని ఒళ్ళోనే పడింది. రెండోవాడు కదిలే బండిలోంచి దూకి, అస్థిపంజరాన్ని కావలించుకుని, "అమ్మా, ఇంకెప్పుడూ వెళ్ళనమ్మా" అని ఏడ్చాడు. ఎక్కడికి వెళ్ళనంటున్నాడో అతనికే తెలియాలి.

ఆ మాట ఎక్కడిదని పార్కులో అందరూ అడిగారు. ఎక్కడిదేముంది? మొగుడు కొట్టు మూసి ఆలస్యంగా ఇంటికొచ్చిన ప్రతిసారీ, దీపం వెయ్యని ముందుగదిలో కూర్చుని అత్తగారు అనే మాటే అది. పిన్ని దాన్ని ఊరికే తీసుకెళ్ళి బావిలో పెట్టిందంతే. అది విన్నాక అత్తగారు బంధువులందరి దగ్గరా గొప్పలు పోయింది. "ఆ పార్కు నడుస్తున్నదే నా మాట మీద" అని.

నిజానికి పిన్నికి ఆ ఉద్యోగంలో నచ్చింది జనాన్ని హడలగొట్టడం కాదు. బావిలో ఒక చిన్న స్టూలు ఉండేది. కాళ్ళ దగ్గర ఒక టేబుల్ ఫ్యాను, పక్కన నీళ్ళ సీసా, పాదంతో నొక్కితే వెలిగే దీపం మీట. బండికీ బండికీ మధ్య ఖాళీలో ఆమె గిన్నె ఒళ్ళో పెట్టుకుని బఠానీలు ఒలుచుకునేది. కళ్ళు చీకటికి అలవాటు పడ్డాయి. వేళ్ళకి కళ్ళతో పనిలేదు. ఇంట్లో అత్తగారు పిలుస్తుంది, మొగుడు పిలుస్తాడు, కూతురు పిలుస్తుంది, కుక్కర్ పిలుస్తుంది. బావిలో ఎవరూ పిలవరు. బయట పట్టాలు కిర్రుమంటే గిన్నె పక్కన పెట్టి, లేచి, ఎవరి ప్రాణాలో కాసేపు పైకి పంపించి, మళ్ళీ కూర్చుని గిన్నె అందుకునేది. ఇంత ప్రశాంతమైన ఉద్యోగం లోకంలో ఇంకొకటి ఉండదని ఆమె నమ్మకం.

కూతురికి మాత్రం ఇది తలవంపులు. బళ్ళో అమ్మ ఏం చేస్తుందని అడిగితే, "పార్కులో పబ్లిక్ రిలేషన్స్" అని చెప్పేది. అది అబద్ధమని కూడా అనలేం.

ఏళ్ళు గడిచాయి. బంగళాకి ఎవరూ రంగు వెయ్యలేదు, రేకులు మార్చలేదు. వాన పడితే బావిలో నిజంగానే నీళ్ళు చేరేవి. అస్థిపంజరానికి దవడతోపాటు ఒక చెయ్యి కూడా పోయింది. దాని స్థానంలో ఎవరో చీపురుకర్ర కట్టారు. జనం పలచబడ్డారు. వచ్చిన పిల్లలు కూడా కిందికి తొంగిచూసి, "ఆంటీ, మీ ఫ్యాను కనబడుతోంది" అని సలహాలు చెప్పి వెళ్ళేవారు. పిన్ని మరమ్మతుల గురించి అడిగినప్పుడల్లా ఆఫీసువాళ్ళు ఒకటే జవాబిచ్చారు: "పాడుబడ్డ బంగళా కదా పిన్నీ, పాడుబడ్డట్టు ఉంటేనే అందం."

అంత అందంగా ఉన్నదాన్ని ఎక్కువకాలం ఉంచరు కదా. పార్కు చేతులు మారింది. కొత్త యజమానులు ఎలా ఉంటారో ఎవరూ చూడలేదు గానీ, వాళ్ళ తరఫున ఒక యువకుడు దిగాడు. అతని హోదా 'అనుభూతుల అధికారి'. మేనేజరు అని పిలిస్తే నొచ్చుకునేవాడు. పనివాళ్ళందరినీ ఒక హాల్లో కూర్చోబెట్టి తెర మీద బొమ్మలు చూపించాడు. ప్రతి బొమ్మలోనూ ఒక తండ్రి, ఒక తల్లి, ఇద్దరు పిల్లలు, నలుగురికీ కలిపి నోట్లో పట్టనన్ని పళ్ళు.

"ఇకనుంచి మనకి కస్టమర్లు లేరు" అన్నాడు అధికారి.

"ఆ సంగతి మాకు ఎప్పట్నుంచో తెలుసు సార్" అన్నారు వెనకనుంచి ఎవరో.

"అంటే, అతిథులు అని నా ఉద్దేశం." తెరమీద ఆకాశాన్నంటే స్తంభం ఒకటి ప్రత్యక్షమైంది. దాని పేరు గగనగర్జన. సీట్లకి కట్టేసి, పైదాకా తీసుకెళ్ళి, అక్కడ ఒక్క క్షణం ఆపి, వదిలేస్తారు. దాని పక్కన సుడిగుండం అని ఇంకొకటి. అది తలకిందులు చేసి తిప్పుతుంది. పార్కు పటంలో బంగళా ఉండాల్సిన చోట గగనగర్జన అని రాసిన నీలంరంగు చతురస్రం ఒకటి కనబడింది.

పిన్ని చెయ్యెత్తింది. "బంగళా ఏదండీ?"

"ఈ తరం అతిథి భయం కోసం రాడండీ, అనుభూతి కోసం వస్తాడు."

"భయం అనుభూతి కాదాండీ?"

"అది పాత అనుభూతి" అన్నాడతను, ఎంతో జాలిగా. "మనం జ్ఞాపకాలని కూల్చడంలేదు మేడమ్. వాటికి కొత్త రూపం ఇస్తున్నాం."

"మరి నా రూపం?"

అధికారి దగ్గరికొచ్చి, ఆమె భుజం దాకా చెయ్యి తెచ్చి, తాకకుండా ఆపి, "మీరు మా కుటుంబం" అన్నాడు. ఉద్యోగం ఊడిందని పిన్నికి అప్పుడే అర్థమైంది. ఆఫీసులో పనిమనిషిలా చూసినన్నాళ్ళూ జీతానికి ఢోకా ఉండదు. చుట్టరికం కలిపారంటేనే అనుమానించాలి.

బంగళా కూల్చేస్తారన్న వార్త బయటికి పొక్కేసరికి ఊరు ఊరంతా గొల్లుమంది. ఎన్నేళ్ళుగానో పార్కు గేటు మొహం చూడనివాళ్ళందరి బాల్యాలూ ఒక్కసారిగా ఆ బంగళాలోనే గడిచాయని తేలింది. ఫోన్లలో కన్నీటి బొమ్మలు వెల్లువెత్తాయి. 'బంగళా పరిరక్షణ సమితి' పుట్టింది. దానికి అధ్యక్షుడు బీమా ఆఫీసులో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. తెల్లబట్టలు, గంభీరమైన గొంతు, చేతినిండా ఖాళీ సమయం. ఒక సాయంత్రం ఆయన నలుగురైదుగురిని వెంటబెట్టుకుని పిన్ని ఇంటికొచ్చాడు.

"అమ్మా, మీరు మా బాల్యం!" అన్నాడు అధ్యక్షుడు, కుర్చీలో కూర్చుంటూనే. ఆయన పిన్ని కంటే పెద్దవాడు.

"ఆఖరుసారి ఎప్పుడొచ్చారండీ బంగళాకి?" అంది పిన్ని, నీళ్ళ గ్లాసు అందిస్తూ.

"రావడమేమిటమ్మా! ఇక్కడ, గుండెల్లోనే ఉంది!"

"గుండెల్లో ఉంటే టికెట్ అక్కర్లేదు కదా, లాభమే" అని లోపలిగదిలోంచి అత్తగారి గొంతు వినబడింది.

అధ్యక్షుడు వినిపించుకోలేదు. నిరసన ఊరేగింపులో పిన్ని దెయ్యం వేషంతో అందరికంటే ముందు నడవాలన్నది సమితి కోరిక. పార్కు మీద నిరసనకి పార్కునే సెలవడగాలంటే పిన్నికి మొహమాటంగా అనిపించింది. నీళ్ళు నములుతూ అధికారి ముందు నిలబడింది. అతను సంగతి విని ఎగిరి గంతేశాడు.

"తప్పకుండా వెళ్ళండి మేడమ్! ఇంత ప్రచారం డబ్బిచ్చినా రాదు." గౌను తనే లాండ్రీకి పంపించి, ఇస్త్రీ చేయించి ఇచ్చాడు. అన్నేళ్ళ కొలువులో ఆ గౌను ఇస్త్రీ చూడడం అదే మొదలు.

ఊరేగింపు ఘనంగా జరిగింది. సభలో అధ్యక్షుడు మైకు పుచ్చుకుని గద్గదస్వరంతో, "ఆ బంగళా చీకట్లో, ఆ బండిలోనే, భయంతో నా చెయ్యి పట్టుకున్న అమ్మాయితో నేను నా ప్రేమని చెప్పుకున్నాను. ఆ అమ్మాయే ఇవాళ నా ఇల్లాలు!" అన్నాడు. చప్పట్లు మోగాయి. ముందువరసలో కూర్చున్న ఆ ఇల్లాలికి ఎవరో అభిమానంతో రెండో మైకు అందించారు.

"నేనా?" అందావిడ అయోమయంగా. "నాకు చీకటంటే చచ్చేంత భయమండీ. నేనెప్పుడూ ఆ బంగళాలో అడుగే పెట్టలేదు."

సభ అక్కడితో ముగిసింది. అధ్యక్షులవారింట్లో మాత్రం అప్పుడే మొదలైంది.

సమితి తరవాత రెండుగా చీలింది, బంగళాని కాపాడాలా, బండిని మాత్రం కాపాడితే చాలా అని. ఆ తగువు తేలేలోపు పార్కువాళ్ళు 'వీడ్కోలు నెల' ప్రకటించారు. ఆఖరుసారి మీ బాల్యాన్ని పలకరించండి అని ఊరంతా పోస్టర్లు. టికెట్ ధర పెంచారు, బాల్యం ఖరీదైనది కాబట్టి. మొదటి టికెట్ అధ్యక్షుడే కొన్నాడు, ఫోటో కూడా దిగాడు.

ఇక చూడండి జనం! గేటుదాకా వరస. ఏళ్ళ తరబడి బఠానీలు ఒలుచుకున్న పిన్నికి మంచినీళ్ళు తాగే తీరిక లేకపోయింది. అయితే భయపడే నాథుడు మాత్రం ఒక్కడూ లేడు. ఫోటోల కోసం బండిని బావి దగ్గర కాసేపు ఆపేవారు. ఆమె లేచేసరికి బండిలోంచి ఫోన్ల వెలుతురు మొహం మీద పడేది. "ఆంటీ, ఇటు! ఇటు చూడండి!" "దెయ్యంగారూ, కాస్త నవ్వండి!" "ఆ డైలాగ్ ఇంకోసారి చెప్పరూ, రికార్డవలేదు." ఒకావిడ చంటిబిడ్డని బావిలోకి అందించి, "ఒక్క నిమిషం ఎత్తుకోండి, మా అత్తగారికి పంపాలి" అంది. పిన్ని ఎత్తుకుంది. బిడ్డ గౌను తడిపింది. ఫోటో బాగా వచ్చిందట.

కూతురు కూడా మారిపోయింది. పబ్లిక్ రిలేషన్స్ ఊసెత్తడం మానేసి, 'మా అమ్మే ఆ దెయ్యం' అని ఫోన్లో పెట్టుకుంది. స్నేహితురాళ్ళని వరసపెట్టి ఇంటికి తీసుకొచ్చేది. పిన్ని వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వస్తే వాళ్ళ మొహాలు కాస్త చిన్నబోయేవి. ఇంట్లో కూడా గౌనే వేసుకుంటుందనుకున్నారు కాబోలు.

ఆ నెల చివర్లో, జనం కాస్త పలచగా ఉన్న ఒకరోజు బండిలో ఒక తండ్రి, పక్కన చిన్నపిల్ల వచ్చారు. పిన్ని లేవగానే ఆ పిల్ల నిజంగా భయపడింది. అరుపు కూడా రాలేదు పాపం, నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయి, తరవాత ఒళ్ళంతా వణుకుతూ ఏడుపు లంకించుకుంది. తండ్రి ఫోన్ ఆ పిల్ల మొహానికి దగ్గరగా జరిపాడు.

"ఏడువమ్మా, ఏడువు, భలే వస్తోంది! దెయ్యంగారూ, ఇంకాస్త ముందుకి వంగండి!"

పిన్నికి ఒళ్ళు మండింది. ఆ నెల్లాళ్ళలోనూ ఆమెకి దక్కిన ఒకే ఒక్క అసలైన భయం అది. కావాలనుకుంటే దాన్ని ఆస్వాదించవచ్చు. ఆమె పాదంతో మీట నొక్కి ఆకుపచ్చ దీపం ఆర్పేసి, ఫోన్ వెలుతురులో గిన్నె పైకెత్తి చూపించింది.

"ఏం లేదమ్మా. చూడు, బఠానీలు. సాయంత్రం కూరకని ఒలుచుకుంటున్నాను. నీకోటి కావాలా?"

పిల్ల ఎక్కిళ్ళు పెడుతూ గిన్నెలోకి చూసింది. ఫ్యానుని చూసింది. పిన్ని కాళ్ళకున్న హవాయి చెప్పులు చూసింది. ఒక గింజ తీసుకుని నోట్లో వేసుకుని, "దెయ్యాలు కూర తింటాయా?" అంది.

"మా ఇంట్లో అయితే వంకలు పెట్టి మరీ తింటాయి" అంది పిన్ని.

పిల్ల కిలకిలా నవ్వింది. బండి కదిలిపోయింది. తండ్రి సరాసరి ఆఫీసుకెళ్ళి, తన కూతుర్ని భయపెట్టలేదని, డబ్బు వాపసు ఇమ్మని గొడవపెట్టాడు. అధికారి పిన్నిని పిలిపించాడు.

"మేడమ్, మీరు ఆ అతిథి అనుభూతిని పాడుచేశారు."

"పిల్ల నవ్వుతూ వెళ్ళిందండీ."

"నవ్వు సుడిగుండంలో ఉంటుంది మేడమ్. మీ దగ్గర భయం ఉండాలి. టికెట్ మీద అలాగే రాశాం."

"భయం పాత అనుభూతి అన్నారు కదండీ."

"ఈ నెలకి కాదు" అన్నాడతను, మొహం మాడ్చుకుని.

కూల్చేరోజు పిన్ని టీ పట్టుకుని దూరంగా నిలబడింది. ఏడుస్తానేమోనని ముందుగానే చేతిరుమాలు కూడా తెచ్చుకుంది. ఏడుపుకి వ్యవధి దొరకలేదు. యంత్రం ఇటుకగోడని ఒక్క తోపు తోసింది, వెనకున్న ప్లైవుడ్డంతా మొహమాటం లేకుండా ఒరిగిపోయింది. టీ ఇంకా వేడిగానే ఉంది. ఎండ పడగానే ఇన్నేళ్ళ చీకటి ఎంత చిన్న చోటులో ఉండేదో కనబడింది. రెండు బస్సులు ఆపుకుంటే నిండిపోయే జాగా. తన బావి పక్కకి దొర్లి, అడుగులేని డబ్బాలా పడి ఉంది. అది చూసినప్పుడు మాత్రం పిన్ని చేతిరుమాలు బయటికి తీసింది. అందులో కూర్చునే కదా, కూతురి జ్వరాలూ కొట్టు అద్దె బాధలూ అత్తగారి మాటలూ అన్నీ గింజ గింజగా ఒలుచుకుంది.

పనివాళ్ళ దగ్గరికెళ్ళి, "ఆ స్టూలు నాకివ్వండి బాబూ" అని అడిగింది. వాళ్ళు అధికారిని అడగమన్నారు. అది వారసత్వ వస్తువనీ, కొత్తగా కట్టే కాఫీ హోటల్లో అద్దాల పెట్టెలో పెడతామనీ, మేడమ్ ఎప్పుడొచ్చినా ఒక కాఫీ కొనుక్కుని చూసుకోవచ్చనీ అధికారి సెలవిచ్చాడు. గోడ పెళ్ళల్ని సంచుల్లో కట్టి 'మీ బాల్యంలో ఒక ముక్క' అని అమ్మారు. పెళ్ళలు అయిపోతే పక్కనున్న మరుగుదొడ్ల గోడ కూడా కొంచెం కొట్టారని పనివాళ్ళు చెప్పుకున్నారు. అది కూడా బాల్యంలో భాగమే కదా.

ఇంతకీ ఆ స్థలంలో గగనగర్జన లేవలేదు. నేల మెత్తగా ఉందట, అంత స్తంభాన్ని మొయ్యదట. దాన్ని పార్కు అవతలి మూలన, మొదటినుంచీ ఖాళీగా పడి ఉన్న చోట కట్టారు. బంగళా స్థలంలో స్కూటర్లు పెట్టుకుంటున్నారు.

పిన్నికి ఉద్యోగం పోలేదు, కుటుంబం కదా. 'ఆనంద సహాయకురాలు' అని కొత్త హోదా ఇచ్చారు. గగనగర్జన దిగివచ్చే దారిలో నిలబడి, అతిథులతో నవ్వుతూ, "ఎలా ఉందండీ? మళ్ళీ రండి!" అనాలి. దానికి ముందు నవ్వు నేర్పడానికి ఒక శిక్షకురాలు వచ్చింది, చాలా హుషారైన పిల్ల. అందరి పళ్ళ మధ్యా పెన్సిళ్ళు పెట్టించింది.

"పెదాలు విచ్చుకోవాలి. కళ్ళు వెలగాలి. మనసు తెరుచుకోవాలి. ఏదీ మేడమ్, మీరు?"

పిన్ని పెదాలు విప్పింది. కళ్ళు వెలిగించింది. శిక్షకురాలు తనకి తెలియకుండానే ఒక అడుగు వెనక్కి వేసి గోడకి ఆనుకుంది.

"మనసు కూడా తెరవమంటారా?" అంది పిన్ని, పెన్సిల్ తీసి.

"వద్దు మేడమ్. ఇవాళ్టికి చాలు."

ఇంట్లో అద్దం ముందు సాధన చేస్తుంటే అత్తగారు చూసి, "ఏమే, పన్ను నొప్పా?" అంది. మొగుడు ఆ నవ్వు చూసి, తనేదో తప్పు చేశాననుకుని, అడక్కుండానే వెళ్ళి కూరలు తెచ్చాడు. ఆ ఒక్క లాభం పిన్ని ఊహించనిది. చివరికి శిక్షకురాలు రాజీకి వచ్చింది. మేడమ్ నవ్వనక్కర్లేదు, మొహం మీద కోపం లేకుండా చూసుకుంటే చాలు.

గగనగర్జన మొదలైంది. పిన్ని గొడుగు కింద నిలబడి తలెత్తి చూసేది. ఒక విడతకి ఒక బస్సెడు జనం పైకి వెళ్ళి, పై ప్రాణాలు పైనే వదిలేసి కిందికి వచ్చేవారు. పెద్దపెద్ద మీసాలవాళ్ళు కూడా పసిపిల్లల్లా కేకలు పెట్టేవారు. తను ఒక్కొక్క బండిగా, ఓపిగ్గా చేసుకొచ్చిన పనిని ఇనపస్తంభం గంపగుత్తగా చేసేస్తుంటే మొదట్లో ఆమెకి కడుపు రగిలింది. తరవాత తరవాత గమనించింది. కిందికి దిగినవాళ్ళు నాలుగడుగులు తూలి, నీళ్ళు తాగి, ఫోన్ చూసుకుని, ఏమీ జరగనట్టు చిరుతిళ్ళ కొట్టు వైపు వెళ్ళిపోతున్నారు. కొందరు మాత్రం నేరుగా ఆమె దగ్గరికే వచ్చి, ఆమె చెప్పుల మీద కక్కుకునేవారు. "ఎలా ఉందండీ? మళ్ళీ రండి" అని, పిన్ని కాగితపు సంచీ ఆలస్యంగా అందించేది.

ఒక మధ్యాహ్నం దిగినవాళ్ళలో తెల్లబట్టల పెద్దమనిషి ఒకాయన, కాళ్ళు చల్లబడి, పిన్ని పక్కనున్న బల్లమీద కూలబడ్డాడు. పరిరక్షణ సమితి అధ్యక్షుడే! మెడలో పార్కు సంవత్సరపు పాసు వేలాడుతోంది. పిన్ని నీళ్ళిచ్చింది. ఆయన తాగి, ఆమె మొహంలోకి చూసి, "కొత్తగా చేరావా అమ్మా?" అన్నాడు.

పిన్ని జుట్టు ముడేసుకుని, ఎర్రటోపీ పెట్టుకుని ఉంది. "ఆఁ, ఈమధ్యనే" అంది.

"నీకు తెలియదు. ఇక్కడ ఒక బంగళా ఉండేది. దాని కోసం నేను చెయ్యని పోరాటం లేదు."

"అందులో ఒక దెయ్యం ఉండేదట కదండీ. ఆవిడ ఏమైందో?"

అధ్యక్షుడి కళ్ళు చెమర్చాయి. "పోయిందమ్మా. బంగళా కూల్చిన వారానికే పోయింది. దిగులు పెట్టుకుని, మంచం పట్టి... ఆఖరి ఘడియల్లో నా చేతులు పట్టుకుని, 'బాబుగారూ, మీరొక్కరే నన్ను అర్థం చేసుకున్నారు' అంది."

"అయ్యో" అంది పిన్ని. చచ్చిపోయిన తనమీద ఆమెకి నిజంగానే జాలేసింది. "ఇంట్లోవాళ్ళు ఎలా ఉన్నారో పాపం?"

"అత్తగారు ఒకావిడ ఉండేది. గయ్యాళి. ఆవిడ పోరు కూడా కొంత కారణమేలే." ఆయన కళ్ళు తుడుచుకుని లేచాడు. "ఇంకోసారి ఎక్కొస్తాను. ఇది అలవాటైతే వదలబుద్ధి కాదు."

ఆ సాయంత్రం భోజనాల దగ్గర పిన్ని ఈ కబురు చెప్పింది. మొగుడికి పొలమారింది. అత్తగారు మిగతాదంతా విననట్టే, "గయ్యాళి అన్నాడా? నన్నా? అలాంటివాడికి నీళ్ళెందుకిచ్చావే?" అని విరుచుకుపడింది. కూతురు ఫోన్ తీసి, "అమ్మా, ఇది ఊరంతా తిరుగుతోంది, చూడు" అంది. నిజమే. పిన్ని గౌనులో ఉన్న బొమ్మ చుట్టూ పూలు పెట్టి, కింద వందలకొద్దీ సంతాపాలు. ఒకాయన ఆమె తనకి ధైర్యమంటే ఏమిటో నేర్పిందని రాశాడు. ఒకావిడ ఆమె కళ్ళలో తల్లిప్రేమ చూశానంది. చంటిబిడ్డ ఫోటో కూడా పెట్టారు. బతికుండగా తన గురించి ఇంత మంచిగా ఎవరూ అనలేదే అని పిన్ని అన్నీ శ్రద్ధగా చదివించుకుని వింది.

"నేను బాగానే ఉన్నానని ఒక ముక్క రాసిపెట్టవే" అంది చివరికి. "గగనగర్జన కింద ఉంటాను, ఎవరైనా వచ్చి పలకరించవచ్చని."

కూతురు రాసింది. కాసేపటికే జవాబులు వచ్చిపడ్డాయి. పోయిన మనిషి పేరు వాడుకోవడానికి సిగ్గులేదా అన్నారు. అసలు దెయ్యం కళ్ళు ఇలా ఉండవన్నారు. బంగళా పరిరక్షణ సమితి తరఫున ఒక ఖండన కూడా వెలువడింది.

"ఏం చెయ్యమంటావమ్మా?" అంది కూతురు.

"ఏం చేస్తాం? వదిలెయ్. అంతమంది ఒక్కమాట మీద ఉంటే మనమెందుకు మధ్యలో" అని పిన్ని కంచాలు తీసింది.

మర్నాడు పొద్దున ఆమె ఎర్రటోపీ పెట్టుకుని కొలువుకి వెళ్ళింది. గొడుగు తెరిచి, కాగితపు సంచుల కట్ట విప్పుకుని, కింద ఒక పాత కుర్చీ వేసుకుంది. అధికారి ఆవైపు రావడం తక్కువ. ఆకాశంలోంచి మొదటి విడత కేకలు దిగాయి. కాసేపటికి చొక్కా గుండీలు ఊడిన ఒక యువకుడు తూలుకుంటూ వచ్చి, ఆమె కుర్చీ చెయ్యి పట్టుకుని నిలదొక్కుకున్నాడు.

"ఎలా ఉందండీ?" అంది పిన్ని.

"ఇంకెప్పుడూ ఎక్కను."

"మళ్ళీ రండి" అని ఆమె సంచీ అందించింది, ఈసారి వేళకే.